మాట ఇంగ్లీషు... పెదవులు తెలుగు!

మీరు డబ్బింగ్ సినిమాలు చూస్తారుగా? తెరమీద హీరో పెదవులు ఒకటంటుంటాయి, మన చెవిన పడేది ఇంకోటి. నా ఇంగ్లీషు చాలాకాలం అచ్చం అలాగే నడిచింది. వినిపించే మాట ఇంగ్లీషే, లోపల పెదవులు కదిపేది మాత్రం తెలుగు!

1981 సంగతి. తెలుగు మీడియంలో బి.కాం. ప్యాసై, నాన్న అప్పుచేసి యిచ్చిన ఛార్జీలతో హైదరాబాదులో ఓ ఇంటర్వ్యూకి వెళ్ళాను. "డోంట్ యూ నో టైపింగ్?" అన్నాడు ఆఫీసరు. "యస్ సార్" అన్నాను వినయంగా. ఆయన సంతోషించి నన్ను టైపు మిషను ముందు కూర్చోబెట్టాడు! నేను దానివంక, ఆయన నావంక... "యస్ అన్నావుగా?" అన్నాడు. "యస్ సార్... నాట్ నోయింగ్ సార్!" అన్నాను. గదిలోవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఉద్యోగం సంగతి వేరే చెప్పాలా? పైగా అబద్ధాలకోరునన్న ముద్ర! ఆ తర్వాత ఏడాదిపాటు నా నోట ఇంగ్లీషు ముక్క రాలేదు.

అసలు కిటుకు తర్వాతెప్పుడో తెలిసింది. "నీకు టైపు రాదా?" అని తెలుగులో అడిగితే, రానివాడు "అవునండీ, రాదు" అంటాడు. మన 'అవును' ఎదుటివాడి మాటకి ఒప్పుకోలు. ఇంగ్లీషు 'యస్'కి ఆ మాటతో పనిలేదు. వస్తే 'యస్', రాకపోతే 'నో'. అంతే!

ఈ పాత రీలు ఇప్పుడెందుకు తిప్పానంటే, మొన్న మా చెల్లెలి మనవరాలికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. పిల్ల మంచి తెలివైనది. కానీ కాన్వెంటులో చదివిన బంధువుల పిల్లలు ఒకసారి ఎగతాళి చేశారట, అంతే, నోరు కుట్టేసుకుంది. "నావల్ల కాదు తాతయ్యా, వెళ్ళను" అంది. నాకు ఆ టైపు మిషను కళ్ళముందు మెదిలింది.

నాలుగు సాయంత్రాలు దానితో మాట్లాడించి, ప్రతి తప్పూ నోట్సులో రాసుకున్నాను. "హాట్ హాట్ కాఫీ" అంది. మన వేడివేడి కాఫీయే! "వై బికాజ్" అంది. ఎందుకు, అంటే... రెండూ కలిపితే మన 'ఎందుకంటే'. "ఐ టోల్డ్ టు హిమ్" అంది. 'అతనికి' లోని 'కి' అక్కడ 'టు'గా వేషం కట్టింది. 'ఎగ్'ని 'యెగ్' అనీ, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనీ పలికింది. మనం 'ఎందుకు'ని 'యెందుకు' అనమూ? ఒక్క తప్పయినా గాలిలోంచి ఊడిపడలేదు, అన్నిటికీ అమ్మ తెలుగే!

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పాడు. కంగారులో దొర్లే పొరపాటు వేరు, పదేపదే ఒకే తీరున వచ్చే తప్పు వేరు. ఈ రెండోది, నేర్చుకునేవాడు ఎంతదాకా వచ్చాడో చూపిస్తుందన్నాడాయన.

అయితే తప్పులన్నీ ఒకే తూకం కాదర్రా! "వేడివేడి కాఫీ" విన్నవాడు నవ్వినా కాఫీ యిస్తాడు. 'యస్', 'నో' తిరగబడితే అర్థమే తిరగబడుతుంది. అందుకే ఉన్న రెండు రోజులూ దాన్నొక్కటే సాధన చేయించాను. మిగతావి తర్వాత నెమ్మదిగా దిద్దుకోవచ్చన్నాను.

ముందురోజు రాత్రి 'ఇంగ్లీష్ వింగ్లీష్' చూశాం. 2012 నాటి సినిమా. కాఫీ షాపులో ఆర్డరు చెప్పలేక శ్రీదేవి బయటికొచ్చి ఏడుస్తుంటే, మా పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నానేమో, చీకట్లో ఎవరు చూశారు?

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. "తాతయ్యా! యూ హావెంట్ వర్క్‌డ్ ఎనీవేర్? అని అడిగారు. నో సర్, ఐ హావెంట్ అన్నాను!"

"భేష్! ఇంకా?"

"వై బికాజ్ కూడా ఒకటి వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు."

ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, పిల్ల నోరు విప్పింది. మీ పక్కన ఎవరైనా "హాట్ హాట్" అంటే యీల వేయకండి. రెండో భాషలో అడుగు పెడుతున్న మనిషి వాళ్ళు. ఒక్క నవ్వుతో ఏడాది మూగపోయినవాణ్ణి చెబుతున్నాను!