ఆదిలోనే హంసపాదు: పక్షుల పేర్లు మోసే పనిముట్లు

భాష, ప్రకృతి, సాంకేతికత లాంటి అంశాలు వ్యాస పత్రంలో కనిపిస్తే "ఉదాహరణలు దొరకవు" అని చాలామంది వదిలేస్తారు. మీరు ముందు మీ ఇంట్లో, మీ వీధిలో వెతకండి. పనిముట్లకు పక్షుల పేర్లు ఎలా వచ్చాయో ఒకసారి చూద్దాం.

1. పనిని బట్టి: మా సీతారాండేరాలో క్రేన్ అంటే తెలియని పిల్లలుండరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడినప్పటి నుంచి జంషెడ్‌పూర్ బతుకంతా ఉక్కుతోనే. మెడ చాచే కొంగలాంటి పక్షి పేరే ఆ యంత్రానికి వచ్చింది. గ్రీకులోనూ 'గెరానోస్' అంటే ఆ పక్షి, ఈ యంత్రం రెండూ. షెడ్డులో పైన పట్టాల మీద నడిచే క్రేనుకు అసలు మెడే లేదు. రూపం మారినా పేరు మిగిలింది.

సుశ్రుత సంహిత 101 యంత్రాలను చెబుతుంది. వాటిలో స్వస్తిక యంత్రాలు 24. వీటి కొసలు జంతువుల, పక్షుల నోళ్లలా ఉంటాయి, పేర్లూ వాటివే. కొంగముక్కులాంటి 'కంకముఖం' అన్నిటిలోకీ మేలైనదట. సులువుగా లోపలికి దిగి, గట్టిగా పట్టి, దిగబడిన ముల్లునో బాణపు మొననో బయటికి లాగుతుంది. ప్రాచీన భారత విజ్ఞానం మీద ప్రశ్న వస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2. ఆకారాన్ని బట్టి: గోడకు బట్టలు తగిలించే చిలక్కొయ్య. రాతలో అక్షరం జారిపోతే పెట్టే హంసపాదు. మొదటి పదంలోనే ఆ గుర్తు పడితే "ఆదిలోనే హంసపాదు" అంటాం.

3. ముడిసరుకును బట్టి: పెన్ను. లాటిన్‌లో 'పెన్నా' అంటే ఈక. పెన్సిల్‌కు మాత్రం దానితో సంబంధం లేదు, అది 'చిన్న తోక' అనే మాట నుంచి వచ్చింది.

మా తాత ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వచ్చాడు. మాకు బయట హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు, గడప లోపల తెలుగు. "ఈ తెలుగు పరీక్షకు ఏం పనికొస్తుంది?" అని మావాళ్లే అడుగుతుంటారు. ప్లాస్టిక్ హుక్కులు వచ్చాక చిలక్కొయ్య అనే మాట కూడా మా ఇళ్లలో వినబడటం తగ్గింది. వస్తువు పోతే మాట పోతుంది. మాటతో పాటు, దాన్ని పెట్టినవాళ్లు చిలకను ఎంత దగ్గరగా చూశారో చెప్పే సాక్ష్యమూ పోతుంది.

అందుకే నా సలహా ఒక్కటే. ఈ వారం మీ ఇంటి పెద్దలను అడిగి ఇలాంటి మాటలు పది నోట్సులో రాసుకోండి. పక్కన కారణం కూడా రాయండి: పనా, ఆకారమా, ముడిసరుకా? అవి మార్కులు తెచ్చినా తేకపోయినా, రాసుకున్న మాట మాత్రం మిగులుతుంది.