బియ్యం డబ్బు ఎవరిది?

దోర్నకల్ డయాసిస్‌లో మాది చిన్న పాస్టరేట్. కమిటీ కార్యదర్శిగా నా పని మినిట్స్ రాయడం, పైనుంచి వచ్చే ఉత్తరాలకు జవాబివ్వడం. అది కాగితం మీద. అసలు పని, ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో ఎవరినీ నొప్పించకుండా చెప్పడం.

సబ్‌కమిటీలతో పేచీ తక్కువ. గుడి పైకప్పు మరమ్మతుకు ఐదుగురిని వేస్తాం, ఖర్చుకు హద్దు పెడతాం, బిల్లులు అప్పజెప్పగానే దాని పని సరి. స్త్రీల సమాజం అలా కాదు. దాని సభ్యత్వం, చందా, ఎన్నికలు అన్నీ వేరే. మేం పుట్టించిందీ కాదు, మా ఇష్టానికి రద్దు చేసేదీ కాదు. అయినా గుడి పేరుమీదే డబ్బు పోగుచేస్తుంది కాబట్టి లెక్క అడక్క తప్పదు.

పేచీ బియ్యం దగ్గరొచ్చింది. మా ఆడవాళ్లు ఎసట్లో పోసే బియ్యంలోంచి రోజూ గుప్పెడు తీసి పక్కన పెడతారు. వాటిని గుడికి తెచ్చి అమ్మి, ఆ డబ్బు తమ పుస్తకంలో జమ వేసుకుంటారు. ఒక యేడు డయాసిస్‌కు మేం కట్టాల్సింది బాకీ పడింది. "బియ్యం డబ్బు జనరల్ ఫండ్‌లో కలిపేద్దాం, అంతా ఒక గుడే కదా" అన్నాడో పెద్దాయన. చాలా తలలూగాయి.

సమాజం లెక్కలు చూసే ఆవిడ లేచింది. "ముసలివాళ్ల మందులకని చెప్పి అడిగాం పెదనాన్నా. ఇప్పుడు బాకీకి కట్టామంటే రేపు ఎవరు పెడతారు గుప్పెడు?"

కమిటీకి అధ్యక్షుడు పాస్టరు అయ్యగారు, సమాజానికి అధ్యక్షురాలు ఆయన భార్య అమ్మగారు. ఇద్దరూ నోరు మెదపలేదు, తెలివైన పనే. పెద్దాయనకు నేనే పాత సంగతి గుర్తుచేశాను. దోర్నకల్‌కు అజరయ్యగారిని 1909లో పంపింది ఏ కౌన్సిలూ కాదు, తిరునల్వేలి క్రైస్తవులు 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆయన బిషప్ అయింది 1912 చివర్లో. సొసైటీ ముందొచ్చింది, పీఠం తర్వాత. పెద్దాయన ఒప్పుకోలేదుగానీ కూర్చున్నాడు.

తీర్మానం ఇలా రాశాను: డబ్బు సమాజం దగ్గరే ఉంటుంది, యేడాదికోసారి లెక్క కమిటీ ముందుకు రావాలి, రసీదు పుస్తకాలు మాత్రం కమిటీ ముద్ర వేసినవే వాడాలి. బాకీ సంగతి కోత పండుగ వేలంలో కొంత తీరింది. మా ఊళ్లో గుమ్మడికాయకు పౌరుషంతో పాట పెంచేవాళ్లకు కొదవ లేదు.

తర్వాత సమాజం గుడి పక్క స్థలం కొంటానంది. ఈసారి నేను కమిటీ పక్షమే. 1947లో మా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పటి నుంచీ ఆస్తులు మద్రాసులోని సంఘం ట్రస్ట్ అసోసియేషన్ పేరనే ఉండాలి. "మా డబ్బుతో కొని మద్రాసువాళ్ల పేర రాయాలా?" అన్నారు. ఒకరిద్దరి పేర్ల మీద రాసుకుంటే, వాళ్లు పోయాక కొడుకులు దస్తావేజులు పట్టుకొస్తారని చెప్పాను. అలాంటి గొడవలు కోర్టులదాకా పోవడం అందరికీ తెలిసిందే.

వాళ్లు ఆలోచించుకుని స్థలం మాట మానేశారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద డేగిశాలు, గంటెలు, పరదాలు కొన్నారు. వాటికి మద్రాసు సంతకం అక్కర్లేదు. మొన్న కోత పండుగ విందుకు కమిటీ ఆ సామానే అడిగింది. అద్దె తగ్గించమని చెప్పడానికి నన్నే పంపారు. పైసా తగ్గించలేదు, పైగా కమిటీ ముద్ర ఉన్న రసీదే ఇచ్చారు.