తులం లెక్క

గల్ఫ్‌లో బతికే కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లం ఇంటికి ఫోన్ చేస్తే వానల సంగతి అయ్యాక అడిగే మాట తులం ధర. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దశాబ్దాలుగా సాగుతున్న ఈ వలసలో పంపిన సొమ్ము ముందు అప్పుకు, ఆ తర్వాత ఇంటికి, మిగిలితే బంగారానికి పోతుంది. షేర్లు, ఫండ్లు చాలా ఇళ్లకు ఇంకా పరాయి భాషే. బంగారం అట్లా కాదు, సంతకం రాని తల్లికి కూడా తూకం తెలుసు. అందుకే బంగారం కొనాలా వద్దా అనే చర్చతో ఒరిగేదేమీ లేదు. ఎట్లాగూ కొంటాం. ఎందుకు కొంటున్నాం, ఏ రూపంలో కొంటున్నాం అన్నదే తేల్చుకోవాల్సిన లెక్క. నా మాట ఇది: దాచుకోవడానికైతే బిల్లు ఉన్న సాదా బిళ్ల కొనండి. పాత నాణేన్ని ఇష్టంతో సేకరించండి, పెట్టుబడి అని పేరు పెట్టకండి. లోహం, పనితనం, చరిత్ర అనే మూడు విలువలు ఒకే ముక్కలో కలిసి కనబడతాయి. వాటిని విడదీసి చూడకపోతే నష్టపోయేది మనమే.

మన కొలతలు నాణేల నుంచి పుట్టినవే. ఇప్పుడు తులం అంటే 10 గ్రాములు అంటున్నాం గాని, పాత తులం 11.66 గ్రాములు. అది బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి ఎత్తు. కోస్తాలో కాసు, సవరను అంటే 8 గ్రాములు. అది ఇంగ్లండ్ సావరిన్ బరువైన 7.99 గ్రాములను సరిచేసుకున్న అంకె. నిజాం రాజ్యంలో బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చిన కల్దార్ రూపాయి, హైదరాబాద్ టంకశాలలో అచ్చయిన హాలీ సిక్కా రెండూ జనానికి తెలిసినవే. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం, అంటే దాదాపు 9.14 గ్రాములు. కల్దార్‌లో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. ఈ రెంటినీ భాగిస్తే ఆరుకు ఏడు చొప్పున తేలుతుంది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు అనే మారకం రేటు అదే. ముద్ర మీద ఏ రాజు పేరున్నా లెక్కకు వచ్చింది లోపలి వెండే.

ఆ వెండి కూడా ఎప్పుడూ ఒక్క తీరుగా లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి బ్రిటిష్ సర్కారు రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 1947లో నికెల్ రూపాయి తెచ్చింది. హైదరాబాద్ టంకశాల కూడా ఆ దశకంలో తన రూపాయిలో వెండిని సగం చేసింది. పైకి చూస్తే అదే చార్మినార్, చేతిలో పెట్టుకుంటే అదే బరువు, లోపల మాత్రం వెండి సగమే. 1959 దాకా చెల్లిన ఈ హాలీ సిక్కాలు ఇప్పటికీ పాత ఇళ్ల పెట్టెల్లో, దేవుని గూళ్లలో కనబడతాయి. పెట్టెలో నాలుగు రూపాయలు దొరికితే నాలుగింటికీ ఒకే ధర అనుకోవడం మొదటి పొరపాటు. నాణెం మీది హిజ్రీ సంవత్సరం చదివించుకున్నాకే తూకం మాట.

ఆదిలాబాద్ అడవి పల్లెల్లో గోండు, లంబాడా ఆడవాళ్లు వెండి రూపాయలను పేరుగా గుచ్చి మెడలో వేసుకున్నారు. బ్యాంకు లేని చోట ఆ దండే బ్యాంకు. పంట పోయిన ఏడు కుదువకు పోయింది కూడా అదే. అటువంటి పేరులోంచి విడివడిన ఒక రూపాయిని దగ్గర పెట్టుకుని చూడండి. అంచు మీద రింగు అతికించిన చోట బుడిపె లాంటి మచ్చ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒంటికి, బట్టకు ఒరుసుకుని మినార్ల కొనలు అరిగిపోయి ఉంటాయి. నాణేలు సేకరించేవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు. వాళ్లకు మచ్చ పడ్డ నాణెం చెడిపోయిన నాణెం. వెండి కొనే సేటుకు ఆ మచ్చతో పనిలేదు, త్రాసులో వేసి గ్రాములు చెబుతాడు. ఆ అరుగుదలలోనే ఒక గూడెం బతుకు చదవగలిగినవాళ్లకు మాత్రం అది కొత్త నాణెం కంటే విలువైనది. ఒక్క రూపాయికే ముగ్గురు మూడు ధరలు చెప్పినా ఎవరి మాటా అబద్ధం కాదు. ఏ ధరకు కొని ఏ ధరకు అమ్మబోతున్నామో మనకు తెలియకపోతేనే చిక్కు.

పనితనం సంగతి కూడా అంతే. కరీంనగర్ ఫిలిగ్రీని చూడండి. వెంట్రుక వాసి వెండి తీగలను మెలితిప్పి, వంచి, జల్లెడలా అల్లే ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఎలగందుల నాటి నుంచి వచ్చిన విద్య అది. అట్లాంటి పాన్‌దాన్ కొన్నప్పుడు పనివాడి కష్టానికి ఇచ్చే డబ్బు న్యాయమైనదే. కాని అదే పాన్‌దాన్‌ను అవసరం పడి అమ్మబోతే త్రాసు వెండికే ధర కడుతుంది, వేళ్ల నైపుణ్యానికి కట్టదు. మజూరి అనేది మొదట కొన్నవాడు ఒక్కసారే కట్టే డబ్బు. తిరిగి రాదు. నగ విషయంలో మనం మరిచిపోయేది ఇదే.

లెక్క గ్రాముల్లోనే వేసుకుందాం, రోజూ మారే ధరతో పనిలేకుండా. 22 క్యారెట్ల గొలుసు 10 గ్రాములు కొన్నారనుకోండి. తరుగు, మజూరి కలిపి 12 శాతం, దాని మీద 3 శాతం జీఎస్టీ వేస్తే 11.54 గ్రాముల ధర కట్టినట్టు. మరునాడే అమ్మితే చేతికి వచ్చేది మహా అయితే 10 గ్రాముల ధర. అంటే కట్టిన సొమ్ములో 13 శాతం దుకాణం మెట్లు దిగకముందే పోయింది. రాళ్లు పొదిగిన నగైతే ఇంకా ఎక్కువ పోతుంది. అదే 10 గ్రాముల 24 క్యారెట్ల బిళ్లకు తయారీ కింద 3 శాతం, జీఎస్టీ 3 శాతం వేసుకుంటే 10.61 గ్రాముల ధర అవుతుంది. నష్టం 6 శాతం లోపే. దుకాణాన్ని బట్టి ఈ శాతాలు అటూ ఇటూ అవుతాయి గాని, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్నది మారదు. ఏటా తులం చొప్పున పదేళ్లు నగలే కొన్న మనిషి ఆ లెక్కన తులమున్నర బంగారం ధరను మజూరికి, పన్నుకు ఇచ్చుకున్నట్టు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నగ ఆడబిడ్డ ఒంటి మీద ఉంటుంది, పెళ్లిలో పరువు నిలబెడుతుంది, రాత్రికి రాత్రి అవసరం వస్తే కుదువకు పనికొస్తుంది, బిళ్ల బీరువాలో పడి ఉంటుంది కదా అంటారు. ఇందులో మొదటి రెండు మాటలు ఒప్పుకోవాల్సిందే. పుస్తెలతాడుకు బదులు బిళ్ల కొనమని ఎవరూ అనరు. వేసుకునేది వేసుకోవడానికే కొనాలి, దాన్ని పట్టుచీర పద్దులో రాసుకోవాలి. కాని వేసుకోని మూడో గొలుసు, నాలుగో హారం ఏ పద్దులోకి వస్తాయి? కుదువ మాటకు వస్తే, బంగారం, వెండి తాకట్టు అప్పుల మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం బంగారు నగలకు కిలో దాకా, బంగారు నాణేలకు, అంటే బిళ్లలకు, 50 గ్రాముల దాకా, వెండి నాణేలకు 500 గ్రాముల దాకా అప్పు ఇవ్వవచ్చు. బిస్కెట్లు, కడ్డీల మీద మాత్రం ఇవ్వరు. గల్ఫ్ కూలీ ఇంటికి 50 గ్రాములు తక్కువ హద్దేమీ కాదు. నగల మీద మనకున్న మోజులో చట్టం వాటా కూడా ఉంది. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం కడ్డీలు దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది, నగలను వదిలింది. 1990లో ఆ చట్టం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

రెండో అభ్యంతరం ప్రవాసులది. దుబాయ్‌లో కొంటే చవక కదా, అక్కడి నుంచే తెస్తే సరిపోదా అని. ఇక్కడ రెండు దేశాల నిబంధనలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ఎమిరేట్స్‌లో 99 శాతం, ఆపైన స్వచ్ఛత ఉన్న పెట్టుబడి బంగారంపై వ్యాట్ సున్నా, నగపై 5 శాతం. మన విమానాశ్రయంలో దిగాక లెక్క తిరగబడుతుంది. ఏడాది దాటి విదేశంలో ఉన్నవాళ్లకు సుంకం లేని పరిమితి మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాములు. 2016 నాటి నిబంధనల్లో దానికి విలువ హద్దు కూడా ఉండేది. ఆ మినహాయింపు నగలకే, బిళ్లలకు, బిస్కెట్లకు లేదు. దిగుమతి సుంకం 15 శాతం ఉన్న రోజుల్లో దుబాయ్ తేడా కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడేది. 2024 జులై బడ్జెట్‌లో అది 6 శాతానికి తగ్గాక ఆ తేడా బాగా చిక్కిపోయింది. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని టికెట్ ఖర్చులకు ఆశపడి మోసి జైలు పాలయ్యేంత లాభం అందులో ఎప్పుడూ లేదు. తెచ్చుకుంటే బిల్లుతో, సుంకం కట్టి తెచ్చుకోవాలి, లేదా ఊరి దగ్గరే కొనుక్కోవాలి. ఊళ్లో కొనేటప్పుడూ ఒకటి గుర్తుంచుకోవాలి: బ్యాంకులు నాణెం అమ్ముతాయి గాని తిరిగి కొనవు. అమ్మే దారి ఏదో కొనే రోజే అడిగి తెలుసుకోవడం మంచిది.

మూడో మాట ఆశకు సంబంధించింది. పాత నాణేనికి లక్షలు పలుకుతాయట కదా అని. ఈ ఆశ మీద బతికే ముఠాలున్నాయి. కమీషన్ కడితే మీ పాత నాణేన్ని అమ్మిపెడతామని తమ పేరే వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. అసలు మన గడ్డ మీద దొరికిన అత్యంత విలువైన నాణేలు ఏవి? గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాలలో దొరికినవి. పురాణాల జాబితాలో ఉన్న శాతవాహన మూలపురుషుడు శ్రీముఖుడు, చిముక అన్న అక్షరాలతో అక్కడి నాణేల మీద కనబడ్డాడు. అతనికంటే ముందటి గోభద, నారన, సమగోప వంటి రాజుల పేర్లూ అక్కడే బయటపడ్డాయి. పరబ్రహ్మ శాస్త్రి గారి వంటి పండితులు వాటిని చదివి తెలంగాణ చరిత్రకు మొదటి పుటలు చేర్చారు. ఆ చిముక నాణేలు బంగారం కావు, వెండి కూడా కావు. త్రాసులో వేస్తే చిల్లర కూడా రాదు. వాటి విలువంతా అవి ఎక్కడ, ఏ మట్టిలో, దేని పక్కన దొరికాయన్న దాంట్లోనే ఉంది. ఆ సంగతి తెగిపోయి సంతలో చేతులు మారిన రోజు అవి ఉత్త రాగి ముక్కలు. చట్టం కూడా అటే ఉంది. భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దాన్ని సొంతంగా దేశం దాటించరాదు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయిని గుర్తుగా సూట్‌కేసులో వేసుకుని విదేశానికి వచ్చే మనవాళ్లకు ఇది తెలియాలి.

ఇక ధర ఎప్పుడూ పైకే పోతుందన్న నమ్మకం. బంగారం 1980 జనవరిలో ఔన్సుకు 850 డాలర్లు తాకి, మళ్లీ ఆ ధర చూడటానికి 2008 దాకా ఆగింది. వెండిది ఇంకా ఘోరం. అమెరికాలో హంట్ సోదరులు మార్కెట్‌ను గుప్పిట పట్టిన ఆ 1980లోనే 50 డాలర్ల దాకా ఎగబాకి, రెండు నెలల్లో కుప్పకూలింది. ఆ గీత దాటడానికి 2025 దాకా పట్టింది. నలభై అయిదేళ్లంటే గల్ఫ్ కార్మికుడి కొలువు జీవితం కంటే ఎక్కువ. కనుక బిళ్ల కూడా పొదుపులో ఒక పాలే కావాలి, అప్పు చేసి కొనేది అసలే కారాదు. నెలకు నూటికి రెండు చొప్పున మిత్తికి తెచ్చి బంగారం కొంటే ఏడాదికి 24 శాతం పెరిగితే గాని గిట్టదు.

వచ్చే సెలవుకు ఊరికి పోయినప్పుడు అమ్మమ్మ పెట్టె తెరిపించండి. హాలీ సిక్కాలు కనబడితే చింతపండుతో తోమకండి, అవుసలి దగ్గరికి పట్టుకుపోకండి. ఒక్కో రూపాయిని ఒక్కో కాగితం పొట్లంలో పెట్టి, అది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ పెళ్లికి పెట్టింది, పెద్దవాళ్లు చెప్పినంత మేరకు పొట్లం మీద రాయండి. దాచుకునే సొమ్ముకు బిళ్ల కొని బిల్లు జాగ్రత్త చేయండి. బంగారం బజారులో ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ రూపాయి సంగతి చెప్పగలిగిన మనిషి మాత్రం మళ్లీ సెలవుకు వచ్చేదాకా ఉంటారన్న భరోసా లేదు.