జుమ్మా సూది

గూడెం కొత్తవీధి నుంచి ఆపా ఫోన్. ఒకటే ఏడుపు.

"నాకు క్యాన్సర్‌రా మున్నా! డాక్టర్ దాచాడు. ఆ సూది క్యాన్సర్ దవా అంట."

మూడు జుమ్మాలుగా సూది మానేసిందట. మళ్లీ కడుపునొప్పి, విరేచనాలు.

ఆపా తకలీఫ్ క్రోన్స్. పేగు వాచి పుళ్లు పడే జబ్బు. ఆ సూది మెథోట్రెక్సేట్. వైజాగ్ నుంచి దవా తెచ్చిచ్చాను గానీ దాని కిస్సా చెప్పలేదు. ఖసూర్ నాదే. అప్పుడు చెప్పాను.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సాబ్ సోదరులిద్దర్ని స్ప్రూ అనే పేగు జబ్బే మింగింది. ఆయన అమెరికా వెళ్లారు. లెడర్లీ కంపెనీలో 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకీ అది దవా అయింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కి దుష్మన్‌గా అక్కడే పుట్టింది మెథోట్రెక్సేట్. మొదట బ్లడ్ క్యాన్సర్‌కి వాడారు. తక్కువ మోతాదులో వాపు తగ్గిస్తుందని తర్వాత కీళ్లవాతానికిచ్చారు. హఫ్తాకో సూదితో క్రోన్స్ కూడా అణుగుతుందని 1995లో తేలింది. 1948లోనే పోయిన సాబ్ క్రోన్స్ సంగతి చూడలేదు.

"మరి దాంతో ఇచ్చిన పసుపు గోలీ?"

"అదే ఫోలిక్ యాసిడ్. సూది చేసే నుక్సాన్‌కి మరహం. రెండూ ఆయన చలవే ఆపా."

కాసేపు ఖామోష్.

డాక్టర్‌కి ఫోన్ చేశాం. ముందు రక్తపరీక్ష అన్నారు. ఆపా ఘాట్ దిగి నర్సీపట్నం వెళ్లొచ్చింది.

నిన్న జుమ్మా. మళ్లీ ఫోన్.

"వేయించుకున్నారా. నర్సమ్మకి కూడా చెప్పాను, మన భీమవరం ఆయన దవా అని."