బండ్లపల్లి బాటలో

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లికి మేము చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతున్నది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానను నమ్ముకొని వేరుశనగ పండించే సీమ ఇది. అదను తప్పితే పంట పోవును, అప్పు మిగులును. పేద కుటుంబం మూటాముల్లె సర్దుకొని బెంగళూరు దారి పట్టును.

2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినది ఈ ఊరిలోనే. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కయినది. 15 రోజుల్లో పని చూపకుంటే భృతి ఇవ్వవలసి ఉండెను. ఆ పనుల్లో తవ్విన సేద్యపు కుంటలు మరుసటి వానకు పాత్రలైనవి.

2025 డిసెంబరులో ఆ చట్టం స్థానే 125 రోజుల హామీతో వేరొక చట్టం ఆమోదం పొందినది. పేరేదైనా, కరవునాడు ఊరిలోనే పని దొరకవలె, కూలి వేళకు అందవలె. పొలమే లేని కూలీకి పంట బీమా లేదు. పనియే ఆ ఇంటికి బీమా.