మా అబ్బాయి పనిచేసే ఫారం

బుచ్చిరెడ్డిపాలెంలో ఎవరైనా ‘ఫారం’ అంటే వినేవారికి రెండే తోస్తాయి. ఒకటి కోళ్ళ ఫారం, రెండవది సముద్రం వైపు వెళితే కనిపించే రొయ్యల ఫారం. అందుచేత, మా రెండవ కుమారుడు హైదరాబాదులో ‘రెండర్ ఫారం’ చూసుకుంటున్నాడని నా భార్య ఇరుగుపొరుగుకు చెప్పినప్పుడు, కనిగిరి రిజర్వాయరు కింద వరి పండించే మా పక్కింటి పెద్దాయన ఎంతో ఆదరంగా, “ఎన్ని కోళ్ళుండాయి సాయిబు గారూ?” అని నన్ను అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. నిజానికి నాకూ జవాబు తెలియదు. మద్రసాలో పాతికేళ్ళకు పైగా ఫిఖ్ బోధిస్తూ, క్రయవిక్రయాల అధ్యాయం ఏటా తప్పకుండా చెబుతూ వచ్చిన నేను, నాలుగేళ్ళుగా నెలనెలా డబ్బు పంపుతున్న కొడుకు ఏ పని చేసి పంపుతున్నాడో వివరంగా అడిగి తెలుసుకోలేదు.

హిజ్రీ 1446 షాబాన్ చివరి రోజుల్లో మద్రసాకు సెలవులిచ్చారు. రమజానులో అబ్బాయికి సహరీ వండిపెట్టేవారు లేరని నా భార్య బెంగ. ఇద్దరమూ నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు చేరి, టోలీచౌకీలోని వాడి రెండు గదుల ఇంటికి వెళ్ళాము. ఆ వచ్చిన ఆదివారం, ఆఫీసులో ఎవరూ లేని వేళ చూసి, “అబ్బా, రండి, మీకు నా కోళ్ళను చూపిస్తాను” అన్నాడు వాడు. పక్కింటాయన ప్రశ్న వాళ్ళమ్మ అప్పటికే చెప్పేసింది.

అది పిల్లల కార్టూన్ ధారావాహికలు తయారుచేసే చిన్న స్టూడియో. వెనుక గదిలో ఇనుప అరల మీద 34 కంప్యూటర్లు. ఏ ఒక్కదానికీ తెర లేదు, కీబోర్డు లేదు. చలికాలంలోనూ ఏసీ ఆగకూడదట. యంత్రాల ఊపిరి వేడికి గది కాగిపోతుందట. ముందు గదిలో మరో ఆరు కంప్యూటర్లు. చిత్రకారులు కూర్చుని బొమ్మలను కదిలించేది వాటి మీద. మావాడు చిత్రకారుడు కాడు. ఆ వెనుక గదికి కాపలాదారు, వైద్యుడు, మేస్త్రీ, అన్నీ తానే.

బొమ్మల సంగతి ఎత్తగానే తస్వీర్ మసలా గుర్తుకు రాక మానదు. డిజిటల్ బొమ్మల విషయంలో ఉలమాల నడుమ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నా అభిప్రాయం నాకుంది, అది మావాడికి తెలుసు. ఇక్కడ నేను రాయబోయేది దాని గురించి కాదు. దానికంటే నాకు దగ్గరగా వచ్చి తగిలిన మరొక సంగతి ఉంది.

వాడు చెప్పిన లెక్క నాకు బాగా అర్థమైంది. కదిలే బొమ్మ ఒక్క క్షణం కనిపించాలంటే 24 నిశ్చల చిత్రాలు కావాలి. పదకొండు నిమిషాల కథకు 15,840 చిత్రాలు. చిత్రకారుడు బొమ్మ ఆకారం, కదలిక, దీపం ఎక్కడ ఉన్నదీ చెప్పి వదిలేస్తాడు. ఆ దీపపు వెలుగు గోడకు తగిలి, నేలమీద పడి, పిల్లవాడి చొక్కా మీదికి ఎంత వస్తుందో చుక్క చుక్కకూ లెక్కగట్టి చిత్రాన్ని పూర్తిచేసేది యంత్రం. ఆ లెక్కగట్టడమే రెండరింగ్. ఒక్కో చిత్రానికి ఇరవై నిమిషాలు పట్టిందనుకుంటే, ఒకే యంత్రం రాత్రింబవళ్ళు చేసినా 220 రోజులు. 34 యంత్రాలు పంచుకుంటే ఆరున్నర రోజులు. వరికోతకు కూలీలను ఎక్కువమందిని దింపినట్టే. పూర్తిగా కంప్యూటరు మీదే తయారైన మొదటి పెద్ద చిత్రం ‘టాయ్ స్టోరీ’కి 1995లో ఇటువంటి యంత్రాలు 117 పనిచేశాయట, అన్నీ కలిపి ఎనిమిది లక్షల గంటలు. మన హైదరాబాదుకూ ఈ విద్య కొత్త కాదు. ‘జంగిల్ బుక్’ కార్టూను ధారావాహిక ఇక్కడి సంస్థ చేతుల మీదుగానే ప్రపంచానికి వెళ్ళింది. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలోని పులికి ఆస్కార్ తెచ్చిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు ఇక్కడ శాఖ ఉండేది. 2013లో ఆ బహుమతి అందుకునే నాటికి ఆ సంస్థ దివాలా అర్జీ పెట్టుకుని ఉందని కూడా మావాడే చెప్పాడు. ఆ రెండవ మాట విన్నాక నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

యంత్రాలు కొంటే సరిపోదు. ప్రతి యంత్రంలోనూ ఒకే సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. మొదట్లో పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కో యంత్రం దగ్గరా కూర్చుని ఎక్కించేవాడట. తరువాత తెలివి వచ్చింది. సాఫ్ట్‌వేరును ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉంచి, అది అడిగే ప్రశ్నలన్నిటికీ ముందుగానే జవాబులు రాసిపెట్టి, ఒక్క ఆజ్ఞతో రాత్రికి రాత్రి యంత్రాలన్నిటిలోకీ పంపుతాడు. సాఫ్ట్‌వేరే కాదు, బొమ్మలకు తొడిగే రంగుల ఫైళ్ళ దారి కూడా అన్ని యంత్రాలకూ ఒకటిగా ఉండాలి. చిత్రకారుడు తన యంత్రంలోని డి డ్రైవులో పెట్టుకున్న ఫైలు వెనుక గదిలోని యంత్రానికి దొరకదు. అప్పుడు పిల్లవాడి చొక్కాకు రంగు రాదు.

అక్కడివరకు నేను ముచ్చటపడుతూ విన్నాను. “మరి ఇన్ని యంత్రాలకు ఈ సాఫ్ట్‌వేరు ఎంతకు కొన్నారు?” అని యథాలాపంగా అడిగాను. వాడు తలవంచుకున్నాడు.

చిత్రకారులు వాడే మాయా అనే సాఫ్ట్‌వేరుకు ఆ స్టూడియోలో ఆరు లైసెన్సులున్నాయి, డబ్బు కట్టినవే. దానితోపాటు వచ్చే ఆర్నాల్డ్ అనే రెండరింగ్ సాధనాన్ని చిత్రకారుడు తన బల్ల దగ్గర వాడుకోవచ్చు. కాని వెనుక గదిలోని యంత్రాలు మూకుమ్మడిగా పనిచేయాలంటే వాటికి విడిగా లైసెన్సు ఉండాలి. లేకపోతే తయారైన ప్రతి చిత్రం మీదా అడ్డంగా అక్షరాలు ముద్రపడి వస్తాయి. లైసెన్సు అంటే మా మద్రసా కుతుబ్‌ఖానా లాంటిదే. సర్వరు దగ్గర ఎన్ని ప్రతులుంటే అన్ని యంత్రాలే ఒకేసారి తీసుకోగలవు. ఒకటి పని ముగించి తిరిగి ఇస్తేనే మరొకదానికి. యజమాని వెనుక గదికి లైసెన్సులు కొనలేదు. ‘క్రాక్’ చేసిన ప్రతిని వేయమన్నాడు. దానిని వేయాలంటే ముందు వైరస్ కాపలాను ఆపివేయాలట. దొంగ ముందుగా కుక్కను కట్టేయమని అడిగినట్టు.

“పోయిన ఏడాది ఇరవై యంత్రాల్లో నా చేత్తోనే వేశాను అబ్బా. ఇప్పుడు మిగతా పద్నాలుగింటిలో కూడా వేయమంటున్నారు.”

పోయిన ఏడాదే వాళ్ళమ్మ కంటికి శుక్లం ఆపరేషను చేయించింది వాడు. ఆవిడ ఇప్పుడు ముస్‌హఫ్ అక్షరాలు అద్దాలు లేకుండా చదువుతోంది. ధర్మసమ్మతం ఏదో, కానిదేదో అడిగినవారికి చెప్పడం నా వృత్తి. ఆ రోజు నాకు నోరు పెగలలేదు. కొంతసేపటికి మాట కూడదీసుకుని, 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ తీర్మానం గురించి చెప్పాను. గ్రంథరచన, ఆవిష్కరణ, వాణిజ్య నామం వంటివాటిపై కర్తలకు గల హక్కులను షరీఅత్ గుర్తిస్తుందని, వాటిని అతిక్రమించరాదని ఆ తీర్మానం. పాత ఉలమాల్లో కొందరికి ఇందులో భిన్నమైన అభిప్రాయం ఉన్నా, నా మనస్సుకు ఈ మాటే సరైనదిగా తోస్తుందని కూడా అన్నాను.

వాడు శ్రద్ధగా విన్నాడు. విని, ఏమాత్రం ఎగతాళి లేకుండా అడిగాడు: “మరి మన మద్రసాలో రెండవ తరగతి అరబీ వాచకం జిరాక్సు తీసి పంచేవాళ్ళం కదా, అబ్బా? నేనే బజారుకు వెళ్ళి తీయించుకొచ్చేవాణ్ణి.”

నిజమే. ఢిల్లీలో అచ్చయ్యే పుస్తకం అది. రచయిత జీవించే ఉన్నారు. పిల్లలు పేదవారు, పుస్తకం ఖరీదు, సమయానికి ప్రతులు దొరకవు అని నాకు నేను చెప్పుకున్న కారణాలన్నీ ఉన్నాయి. వాడి యజమాని చెప్పిన కారణాలూ ఇంచుమించు అవే. విదేశీ సంస్థ నుంచి రావలసిన డబ్బు మూడు నెలలుగా రాలేదని, అందరూ ఇలాగే చేస్తున్నారని. ఆయనా చెడ్డవాడు కాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నేనే వాడితో అన్నాను. “నేను శవ్వాల్‌లో మద్రసా తెరిచాక నా సంగతి చూసుకుంటాను. నువ్వు నీది చూడు. ఉద్యోగం పోతే బుచ్చిరెడ్డిపాలెం రా. ఉన్నది తిందాం.” నా భార్య వంటగదిలో పని ఆపి వింటోంది కాని ఏమీ అనలేదు.

వాడు ఉద్యోగం మానలేదు. వేరే దారి వెతికాడు. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రోజెండాల్ అనే ఆయన రూపొందించినది. దాన్ని అమ్మే సంస్థ మూతపడినప్పుడు, పెట్టుబడిదారుల నుంచి దాన్ని విడిపించడానికి ఆయన ప్రజలను లక్ష యూరోలు అడిగితే, ఏడు వారాల్లో పోగయ్యాయి. 2002 అక్టోబరులో దాన్ని అందరికీ స్వేచ్ఛగా విడుదల చేశారు. ఎన్ని యంత్రాల్లోనైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, లోపలి రాతను మార్చుకోవచ్చు. వక్ఫ్ చేసిన బావిలాంటిది అనుకున్నాను. ఎక్కించడం కూడా అతి సులువు. ఒక ఫోల్డరును విప్పి నకలు చేస్తే చాలు, పనిచేస్తుంది. లైసెన్సు సర్వరు లేదు, తాళం లేదు. రెండవ రోజా నాడు ఉదయం వాడు ఫోను చేతబట్టుకుని, లాట్వియా దేశపు ‘ఫ్లో’ అనే చిత్రానికి ఆస్కార్ వచ్చిందని, అది బ్లెండర్‌లోనే తయారైందని, దర్శకుడు తుది చిత్రాలన్నీ తన సొంత కంప్యూటరు మీదే రెండర్ చేశాడట అని చెప్పాడు. నేను సినిమాలు చూసేవాణ్ణి కాను. కాని వాడి ముఖంలో చాలా రోజుల తరువాత వెలుగు కనిపించింది.

అయితే చిత్రకారులకు మాయానే తెలుసు. వారిని ఒక్క వారంలో మార్చలేరు. అందుకని వారి పని ఆ ఆరు లైసెన్సుల మీదే జరగనిచ్చి, కదిలే బొమ్మలను ఆలెంబిక్ అనే రూపంలో బయటికి తీసి, వెనుక గదిలో బ్లెండర్ చేత పూర్తిచేయించాలని తలపెట్టాడు. ఆ పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. అది మన అల్-అంబీఖ్! అత్తరు దించే బట్టీ పాత్రకు అరబీ పేరు. బొమ్మలోని సారం మాత్రం దించుకుని మరో పాత్రలోకి పంపే పనికి ఆ పేరు పెట్టినవారెవరో గాని బాగా పెట్టారు. చిక్కేమిటంటే, ఆకారమూ కదలికా వస్తాయి గాని, రంగులూ మెరుపులూ రావు. వాటిని మళ్ళీ మొదటినుంచి అద్దాలి. యజమాని, “గడువు దాటకపోతే నీ ఇష్టం” అన్నాడు.

తరావీహ్ అయ్యాక ఆఫీసుకు వెళ్ళి సహరీ వేళకు వచ్చేవాడు. ముందు ఒక రాత్రంతా కూర్చుని ఇరవై యంత్రాల్లోంచి పాత క్రాకులు తీసివేశాడు. మరునాటి రాత్రి బ్లెండర్ 4.2 అన్నిటిలోకీ పంపాడు. పని మొదలైంది. పదవ రోజా నాటికి ఒక కథ పూర్తయి, ఆడించి చూస్తే బొమ్మ ఉండి ఉండి రెప్ప కొట్టినట్టు మినుకుమంటోంది. ముప్పై చిల్లర చిత్రాలకు ఒకటి రంగు తేడాగా ఉంది. వరుసలో ఎక్కడ వస్తుందో చెప్పలేము. ఏ యంత్రం ఖాళీ అయితే అది తరువాతి చిత్రాన్ని అందుకుంటుంది కనుక చెడ్డవి అక్కడక్కడా చెల్లాచెదురై ఉన్నాయి. చిత్రకారులు దీపాలను అనుమానించారు, రంగులను అనుమానించారు. రెండు రోజులు పోయాయి.

నా భార్య ఇఫ్తారుకు పండ్లు కోస్తుండగా వాడు ఆ సంగతి చెబితే నాకు మా తరగతి గుర్తుకొచ్చింది. ఒక పిల్లవాడు మరో ముద్రణ పుస్తకం తెస్తాడు. నేను ముప్పై రెండవ పుట తీయమంటే అందరూ ఒక వాక్యం చదువుతారు, వాడొక్కడు వేరేది చదువుతాడు. “వేరే అచ్చు పుస్తకం ఎవరి దగ్గరుందో చూడు” అన్నాను. అది పాండిత్యం కాదు, అలవాటు. వాడు లేచి వెళ్ళాడు. ప్రతి చిత్రాన్నీ ఏ యంత్రం చేసిందో లాగ్‌లో రాసి ఉంటుందట. చెడ్డ చిత్రాలన్నీ 17వ యంత్రానివే. ఆజ్ఞ పంపిన రాత్రి దాని పవర్ సప్లై మార్చడానికి ఆపి ఉంచారు. దానిలో వాడు ఎప్పుడో పరీక్షకు వేసిన బ్లెండర్ 3.6 అలాగే మిగిలిపోయింది. 4.0 నుంచి రంగులను తెరకు దించే లెక్క మారింది. పాతది కొత్త ఫైలును కాదనకుండా తెరిచింది, తనకు తెలిసిన లెక్కలో రంగు వేసింది. తప్పు చేసినట్టు ఎవరికీ చెప్పలేదు. మొరాయించే విద్యార్థికంటే, అర్థంకాకపోయినా తల ఊపే విద్యార్థితోనే ఉపాధ్యాయుడికి ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు మావాడు ప్రతి చిత్రం మొదలయ్యే ముందు యంత్రం తన దగ్గరున్న వర్షన్ చెప్పి, సరిపోలితేనే పని అందుకునేలా ఏర్పాటు చేశాడు.

గడువు మాత్రం తొమ్మిది రోజులు దాటింది. ఈద్‌కు ముందు సగం జీతమే చేతికి వచ్చింది. మిగతా సగం సంగతి ఇప్పటికీ తేలలేదు. వాడు అక్కడే పనిచేస్తున్నాడు, వేరేచోట అర్జీలు కూడా పెట్టుకుంటున్నాడు. ఇరవై యంత్రాల మీద నడిచిన ఏడాది సంపాదన గురించి నా ఉస్తాదు గారికి ఉత్తరం రాశాను. వృద్ధులు, జవాబుకు సమయం పడుతుంది.

శవ్వాల్‌లో మద్రసా తెరిచాక నాజిం గారి దగ్గరకు వెళ్ళి అరబీ వాచకం ఇరవై నాలుగు ప్రతులు తెప్పించమని అడిగాను. “ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు మౌలానా?” అన్నారు. చెప్పాను. పన్నెండుకు డబ్బు ఇచ్చారు. ఈ ఏడు నా తరగతిలో ఇద్దరేసి పిల్లలు ఒక్కో పుస్తకం ముందు కూర్చుంటున్నారు. పుట తిప్పే వంతు ఎవరిదని రోజూ ఒక తగాదా.