నార్కండ అడవిలో పసిమొక్కలు

సిమ్లా దాటి సుమారు 60 కిలోమీటర్లు పోతే నార్కండ వస్తుంది. ఎత్తు సుమారు 2,700 మీటర్లు. అక్కడినుంచి హాటూ శిఖరానికి పోయే దారిలో స్ప్రూస్, ఫర్ వృక్షాలు విస్తారం. వాటికింద నడక పరుపుమీద నడకే! సూదులవంటి ఆకులు రాలి, చలికి త్వరగా కుళ్లక పేరుకొన్నవి. పైన ఎండుటాకు, దానికింద సగం చివికిన నల్లనిపొర, అడుగున అసలు మన్ను.

ఇంత ఎరువున్నచోట మొక్కలు విరివిగా రావాలి గదా! రావు. గింజ ఆ మెత్తని పొరలోనే మొలుస్తుంది. వానలకు ముందటి ఎండలకు ఆ పొర ఆరిపోతుంది. లేతవేరు మన్ను నందుకొనకముందే మొక్క వాడిపోతుంది. బాటకోసం తవ్వగా మన్ను బయటపడ్డ గట్లమీద, తేమ నిలిచే కుళ్లిన మ్రానులమీద మాత్రం పిల్లమొక్కలు కనబడతవి. అందుకే అటవీశాఖవారు ఆకుపొర తొలగించి, నారుమొక్కలు నాటిస్తారు.

పెద్దలు కూడబెట్టినది ఎంతవున్నా, పిల్లల వేరుకు నేల అందాలి.